ఏషియాడ్ దారిలో కర్ణుడు

ఆ మధ్య మా మనవడి పోరు పడలేక వాడితో కలిసి ఒక క్రికెట్ పోటీకి వెళ్ళాను. నాకు ఆ ఆట మీద పెద్ద మక్కువ లేదు. వాడికి తోడు కావాలి, నాకు వాడు కావాలి, అంతే. ద్వారం దగ్గర మూడు వరుసల బారికేడ్లు, వాటి మధ్య మెలికలు తిరిగిన జనం. నీళ్ళసీసాలు, గొడుగులు, అగ్గిపెట్టెలు, చిల్లరనాణేలు, కలాలు అన్నీ ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో పడుతున్నాయి. నా చేతిసంచిలో మందుల డబ్బా, కళ్ళజోడు పెట్టె ఉన్నాయి. జేబులో నలభై ఏళ్ళుగా నన్ను అంటిపెట్టుకొని ఉన్న పాళీ కలం. దానిని కూడా తొట్టెలో వేయాలి కాబోలునని దిగులుపడుతుంటే, నా వంతు వచ్చేసరికి అక్కడున్న హెడ్డు నా తెల్లజుట్టు, పంచె, భుజం మీది కండువా చూసి "పెద్దమనిషి, పంపించు" అన్నాడు. సంచి తెరవనైనా తెరవలేదు. నా వెనుక గడ్డం పెంచుకొన్న ఒక యువకుడు నిలుచున్నాడు. చేతిలో ఏమీ లేదు. అతనిని రెండుసార్లు తడిమి, బూట్లు విప్పించి, టిక్కెట్టును వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, పక్కకు నిలబెట్టారు. అతను నోరెత్తలేదు. అలవాటున్నవాడిలా చేతులు చాచి నిలుచున్నాడు.

లోపల కుర్చీలలో కూలబడ్డాక మనవడు అడిగాడు: "తాతయ్యా, నీ సంచి ఎందుకు చూడలేదు?"

"ముసలివాణ్ణి కదరా" అన్నాను.

"ముసలివాళ్ళలో చెడ్డవాళ్ళు ఉండరా?"

ఆట మొదలైంది కనుక నాకు జవాబు చెప్పే బాధ తప్పింది. కాని ఆ ప్రశ్న నాతోబాటు ఇంటికి వచ్చింది. తెలుగు పంతులును కనుక నాకు ముందుగా తోచింది భారతమే.

ఆదిపర్వంలో కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం చదువరులకు తెలిసినదే. ద్రోణుడు ధృతరాష్ట్రుని అనుమతి తీసుకొని నేల చదును చేయించి, రంగస్థలం కట్టించి, రాజులకు, రాణివాసానికి వేరువేరుగా మంచెలు వేయించి, పురజనులందరినీ పిలిపించి తన శిష్యుల విద్యను ప్రదర్శింపజేస్తాడు. నేటి మాటలలో చెప్పాలంటే రాజ్యమంతా తరలివచ్చిన క్రీడోత్సవం అది. అర్జునుని విద్య చూసి జనం మైమరచి ఉన్న వేళ ద్వారం దగ్గర కలకలం. కర్ణుడు వచ్చాడు. అర్జునుడు చేసిన విద్యలన్నీ తానూ చేసి చూపించాడు. ద్వంద్వయుద్ధం అడిగాడు. అప్పుడు కృపుడు లేచి అడిగిన ప్రశ్న విద్యను గురించినది కాదు. నీ తల్లి ఎవరు, తండ్రి ఎవరు, కులమేది అన్నాడు. కర్ణుని ముఖం వాడిపోయింది. దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యం ఇచ్చినా, ముసలి సూతుడు రాగానే భీముడు ములుకోల పట్టుకోపొమ్మని ఎగతాళి చేయనే చేశాడు. పొద్దుగూకింది. ఉత్సవం ముగిసింది. జనం దివిటీలు పట్టుకొని ఇళ్ళకు పోయారు. అందరూ మరచిపోయిన ఆ ప్రశ్నను కర్ణుడు మాత్రం మరువలేదు. ఈ పాఠం తరగతిలో ఏటేటా చెప్పాను. పిల్లలు ఎప్పుడూ దుర్యోధనుని స్నేహాన్ని గురించే అడిగేవారు. కృపుని పక్షాన మాట్లాడినవారు ఒక్కరూ లేరు. న్యాయానికి కృపుడు చేసింది తన పనే. రంగానికి ఒక మర్యాద ఉంది, దానిని కాపాడటం అతని విధి. చిక్కంతా అక్కడే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

పెద్ద క్రీడలకు కట్టుదిట్టమైన కాపలా అవసరమని లోకానికి చెప్పిన ఊరు మ్యూనిక్. 1972 ఆగస్టు 26న అక్కడ ఒలింపిక్స్ మొదలయ్యాయి. 1936లో హిట్లరు హయాములో జరిగిన బెర్లిన్ ఒలింపిక్స్ జ్ఞాపకాన్ని చెరిపివేయాలన్న తపనతో పశ్చిమ జర్మనీవారు వాటిని ఉల్లాస క్రీడలని పిలుచుకొన్నారు. కాపలావారికి లేత నీలిరంగు దుస్తులు ఇచ్చారు, ఆయుధాలు ఇవ్వలేదు. క్రీడాగ్రామం చుట్టూ ఉన్నది మనిషి ఎక్కి దాటగలిగిన కంచె. రాత్రిపూట ఆలస్యంగా వచ్చే క్రీడాకారులు దానిని దూకి లోపలికి పోవడం మామూలు. ఏమేమి ప్రమాదాలు రావచ్చునో ముందే ఊహించి చెప్పమని పోలీసుశాఖవారు తమ మనస్తత్వవేత్తను అడిగారు. ఆయన చెప్పిన ఊహలలో ఒకటి తరువాత జరిగినదానికి చాలా దగ్గరగా ఉంది. ఉల్లాసానికి భంగమని దానిని పక్కన పెట్టారు. సెప్టెంబరు 5 తెల్లవారుజామున "బ్లాక్ సెప్టెంబర్" దళంవారు ఎనిమిదిమంది అదే కంచె దూకి ఇజ్రాయెల్ బృందం బసలోకి చొరబడ్డారు. మరునాటికి పదకొండుమంది ఇజ్రాయెలీలు, ఒక జర్మన్ పోలీసు మరణించారు. చొరబడినవారిలో ఐదుగురు హతమయ్యారు. ఒక్కరోజు ఆగి ఆటలు మళ్ళీ సాగాయి. ఆ తరువాత ఏ దేశం క్రీడలు జరిపినా కంచె ఎత్తు పెరుగుతూనే వచ్చింది. అందుకు ఎవరినీ తప్పుపట్టలేము. కాపలా లేకపోతే ఏమవుతుందో మ్యూనిక్ చూపించింది.

అయితే మ్యూనిక్‌కు నాలుగేళ్ళ ముందు మెక్సికో నగరంలో మరొకటి జరిగింది. 1968 అక్టోబరు 2న, ఒలింపిక్స్ ప్రారంభానికి పదిరోజుల ముందు, త్లతెలోల్కో కూడలిలో గుమికూడిన విద్యార్థుల మీద సైన్యం కాల్పులు జరిపింది. చనిపోయినవారి లెక్క మీద నేటికీ వివాదమే. అక్కడి పాలకుల భయం బయటినుండి వచ్చే హంతకుడిని గురించి కాదు. లోకమంతా చూస్తున్నప్పుడు తమ పౌరులే వీధికెక్కి తమ పరువు తీస్తారని. ఈ రెండు భయాలు వేరు. ప్రాణభయం ఒకటి, పరువుభయం మరొకటి. మ్యూనిక్ తరువాత ఈ రెండవ భయానికి మొదటిదాని వేషం వేయడం చాలా తేలికైపోయింది. మన దేశంలో అది జరిగిన ఏడు 1982.

ఆ ఏడు నేను హైదరాబాదులో పండిత శిక్షణలో ఉన్నాను. ఇరవైరెండేళ్ళ వయస్సు. చిక్కడపల్లిలో మా మేనమామగారి ఇంటి మేడమీద ఒక గది, కింద వాటాలో ఉన్నవారికి ఒక టీవీ. ఆ ఆగస్టు 15 నుండి దూరదర్శన్ రంగుల ప్రసారం మొదలుపెట్టింది కాని వారిది నలుపు తెలుపు పెట్టె. దాని అద్దం మీద పైన నీలం, నడుమ ఎరుపు, కింద ఆకుపచ్చ చారలున్న ప్లాస్టిక్ రేకు ఒకటి తగిలించి రంగుల టీవీ అని మురిసిపోయేవారు. ఎవరు నిలుచున్నా తల నీలంగానూ కాళ్ళు పచ్చగానూ కనబడేవి. నవంబరు 19న, ఇందిరాగాంధీ పుట్టినరోజున, ఢిల్లీలో తొమ్మిదవ ఆసియా క్రీడలు ప్రారంభమైనప్పుడు ఆ పెట్టె ముందు సందులో ఉన్నవాళ్ళమంతా చేరాము. కొత్తగా కట్టిన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, వేలమంది నర్తకులు, అప్పూ ఏనుగు. ప్రారంభోత్సవం కోసం కేరళ నుండి ఏనుగులను రైలులో తెచ్చారని ఎవరో చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు. క్రీడలను ప్రారంభించినవారు రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్. నిర్వాహక సంఘానికి సారథి బూటా సింగ్. ఇద్దరూ సిక్కులు. ఆ తెల్లని తలపాగా మా రేకు మీద నీలంగా మెరవడం నాకు బాగా గుర్తుంది.

అదే రోజులలో అమృత్‌సర్ నుండి ఢిల్లీకి వచ్చే దారిలో ఏమి జరిగిందో నేను తెలుసుకొన్నది ఎన్నో ఏళ్ళ తరువాత, పుస్తకాలు చదివి. దాని పూర్వకథ కొంత చెప్పాలి.

ఆనంద్‌పూర్ సాహిబ్ తీర్మానంలోని కోరికలు, నదీజలాల పంపకం, చండీగఢ్ ఎవరిదన్న తగవు మొదలైన విషయాలమీద అకాలీదళ్ 1982 ఆగస్టు 4న ధర్మయుద్ధ మోర్చా ప్రారంభించింది. హర్‌చంద్ సింగ్ లోంగోవాల్ దానికి నాయకుడు. వేలకువేలు జైళ్ళకు వెళ్ళారు. నవంబరు నాటికి స్వరణ్ సింగ్ మధ్యవర్తిగా రాజీ కుదిరే దరిదాపులకు వచ్చి, చివరిఘడియలో చెడిపోయింది. అప్పుడు అకాలీలు ఏషియాడ్ జరిగేటప్పుడు ఢిల్లీలో ప్రదర్శనలు చేస్తామని ప్రకటించారు. నిరసన చేసేవాడు నలుగురూ చూసేచోటనే చేస్తాడు. అందులో వింత లేదు.

ప్రభుత్వానికి భయపడటానికి కారణాలు లేకపోలేదు. 1981 సెప్టెంబరులో దల్ ఖాల్సా వారు ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని లాహోరుకు మళ్ళించారు. 1982 ఆగస్టులోనూ విమానాపహరణలు జరిగాయి. పంజాబులో హత్యలు మొదలై ఉన్నాయి. మ్యూనిక్ జరిగి పదేళ్ళే. ఢిల్లీలో అటువంటిది ఒక్కటి జరిగినా ఎవరు బాధ్యులు? ఈ మాట నేను కావాలనే ముందు చెబుతున్నాను. ఆనాటి అధికారులను దుర్మార్గులుగా చిత్రించి చేతులు దులుపుకోవడం సులభం. వారి కుర్చీలో కూర్చుంటే నేను మాత్రం రాత్రులు నిద్రపోయేవాడినా?

కాని వారు ఎంచుకొన్న ఉపాయం చూడండి. పంజాబు నుండి రోడ్డున వచ్చినా రైలులో వచ్చినా ఢిల్లీ చేరాలంటే హర్యానా దాటాలి. 1966 వరకు ఆ రెండూ ఒకే రాష్ట్రం. హర్యానా ముఖ్యమంత్రి భజన్‌లాల్ ఒక్క అకాలీ కార్యకర్తను కూడా దాటనివ్వనని పూనుకొన్నారు. అకాలీ కార్యకర్తను గుర్తుపట్టడం ఎలాగ? అతని ముఖాన పార్టీ పేరు రాసి ఉండదు. అందుచేత తలపాగా ఉన్న ప్రతివాడినీ ఆపారు. బస్సులు ఆపి సిక్కులను దింపారు. కార్లు ఆపి సామాను విప్పించారు. రైళ్ళలో వెతికారు. ఎక్కడికి పోతున్నావు, ఎందుకు పోతున్నావు, రుజువేది? అదే బస్సులో పక్కసీటులో కూర్చున్న హిందువును ఎవరూ అడగలేదు. అతను కిటికీలోనుండి చూస్తూ కూర్చున్నాడు.

అలా ఆపినవారిలో పెళ్ళికి వెళ్ళేవారు, ఆసుపత్రికి వెళ్ళేవారు, వ్యాపారం పనిమీద వెళ్ళేవారు ఉన్నారు. టిక్కెట్టు కొనుక్కొని ఆటలు చూడటానికి వెళ్ళేవారూ ఉన్నారు. అకాలీలను బద్ధశత్రువులుగా చూసే పాలకపక్షపు సిక్కులను సైతం ఆపారు. విశ్రాంత సైనికాధికారులను ఆపారు. వారిలో లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జిత్ సింగ్ ఆరోరా ఉన్నారని చరిత్రకారులు రాశారు.

ఈ పేరు దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్న ఛాయాచిత్రం నా తరంవారెవరూ మరచిపోలేరు. బల్ల దగ్గర నియాజీ పక్కన తలపాగాతో కూర్చున్నవారు ఆరోరాగారే. మా హైస్కూలు గోడకు ఆ బొమ్మను పత్రికలోనుండి కత్తిరించి అంటించాము. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ తరువాత సరిగ్గా పదకొండేళ్ళకు ఆయనను ఒక రోడ్డుమీద ఆపి, ఢిల్లీకి ఎందుకు పోతున్నావని అడిగారు. కేరళ ఏనుగులను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఆ రోడ్డు పేరు జి.టి. రోడ్డు. అంబాలా దాటితే కురుక్షేత్రం, తరువాత కర్నాల్, పానిపట్, సోనిపట్, ఆపైన ఢిల్లీ. కర్నాల్ పట్టణం కర్ణుని పేర వెలసిందని అక్కడివారి నమ్మకం. పానిపట్, సోనిపట్ పాండవులడిగిన అయిదూళ్ళలోనివని ఐతిహ్యం. నీ కులమేదని అడిగించుకొన్నవాని పేరు పెట్టుకొన్న ఊరిమీదుగా పోయే దారిలోనే ఇది జరగడం యాదృచ్ఛికమే. ఐతిహ్యాలను చరిత్రగా చెప్పకూడదని విద్యార్థులను మందలించినవాడిని, నేనే ఆ తప్పు చేయను. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఏషియాడ్ నిర్విఘ్నంగా జరిగింది. ఆ లెక్కన భద్రత విజయవంతమైనట్టే. డిసెంబరు 1న హాకీ తుదిపోటీలో పాకిస్తాన్ చేతిలో 7-1 తేడాతో మనం ఓడిపోయినప్పుడు మా చిక్కడపల్లి సందులో ఎవరింటా పొయ్యి వెలగలేదంటే అతిశయోక్తి కాదు. గోల్‌కీపరు మీర్‌రంజన్ నేగీ డబ్బు తీసుకొన్నాడన్నారు. పేరులో "మీర్" ఉంది కనుక అతను ముసల్మాను అయి ఉంటాడన్నారు. అతను హిందువు. అయినా ఏమిటి? ముసల్మాను అయితే మాత్రం ఏమిటి? రోడ్డుమీద మొదలైన అనుమానం మైదానంలోకి కూడా నడిచి వచ్చింది. ఆ మాటలు అన్నవారిలో మా సందువారూ ఉన్నారు. నేను ఖండించిన గుర్తు లేదు.

డిసెంబరు 4న ఆటలు ముగిశాయి. దారి తెరుచుకొంది. అదే నెలలో లోంగోవాల్ పిలుపుమీద అమృత్‌సర్ స్వర్ణమందిరంలో సిక్కు మాజీ సైనికుల సమావేశం జరిగింది. వేల సంఖ్యలో వచ్చారు, పెద్ద హోదాలలో పనిచేసి దిగినవారు ఎందరో వారిలో ఉన్నారు. అంతవరకు రాజకీయాల గడప తొక్కని మనుషులు వారు. వారిని ఆ గడప దాకా తెచ్చినవాటిలో జి.టి. రోడ్డు ఒకటని పంజాబు చరిత్ర రాసినవారు దాదాపు అందరూ అంగీకరిస్తారు. 1984లో జరిగిన ఘోరాలన్నింటికీ ఏషియాడ్ తనిఖీయే కారణమనేటంత తెలివితక్కువ మాట నేను అనను. భింద్రన్‌వాలే ఉన్నాడు, ఢిల్లీ రాజకీయపుటెత్తులు ఉన్నాయి, సరిహద్దుకు అవతలి చేతులున్నాయి, కారణాలు వేయి. కాని సిక్కులను ఈ దేశంలో పరాయివారుగా చూస్తున్నారన్న మాట అంతకుముందు కొందరు తీవ్రవాదుల నోట మాత్రమే వినబడేది. 1982 నవంబరు తరువాత దానిని పాలకపక్షపు సభ్యులు, జనరల్స్ సొంత అనుభవంగా చెప్పుకోవలసి వచ్చింది. తీవ్రవాది ఎంత ప్రచారం చేసినా సంపాదించలేని సాక్షులను ప్రభుత్వమే అతనికి సమకూర్చింది. ఆరోరాగారు 1986లో రాజ్యసభకు వెళ్ళినది అకాలీదళ్ సభ్యునిగా.

మన ప్రాంతంలో అదే ఏడు ఏమి జరుగుతున్నదో చూడండి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యగారిని రాజీవ్‌గాంధీ అందరిముందు కసురుకొన్నారు. మార్చి 29న ఎన్.టి. రామారావుగారు తెలుగుదేశం పార్టీ పెట్టారు. ఏషియాడ్ జరుగుతున్న ఆ నవంబరులోనే చైతన్యరథం ఊరూరా తిరుగుతూ ఉంది. ఎక్కడ విన్నా ఒకటే మాట: తెలుగువారి ఆత్మగౌరవం. మా శిక్షణ కళాశాలలో అయితే ఆ సమాసానికి విగ్రహవాక్యం చెప్పమని ఒక ఆచార్యులు పరీక్షలోనే ఇచ్చారు. 1983 జనవరిలో ఎన్నికల ఫలితం మీకు తెలుసు. ఒక్క ముఖ్యమంత్రిని ఒక్కసారి కసిరితే ఒక జాతి అంతగా కదిలిపోయిన సంవత్సరం అది. అదే సంవత్సరం మరొక జాతిని వారాల తరబడి రోడ్డుమీద నిలబెట్టి సంచులు విప్పిస్తుంటే, ఆత్మగౌరవం అన్న మాటను నాలుక మీద ఉంచుకొనే మేము నీలిరేకు మీద అప్పూను చూస్తూ కూర్చున్నాము. పత్రికలలో వార్త రాకపోలేదు. వచ్చే ఉంటుంది. నేను క్రీడల పేజీ, రామారావుగారి పేజీ చదివి మడిచి పెట్టి ఉంటాను.

ఢిల్లీలోనే 2010 అక్టోబరులో కామన్వెల్త్ క్రీడలు జరిగినప్పుడు కథ మరో దారి పట్టింది. ఈసారి ఆపింది ఏ మతంవారినో కాదు, పేదవారిని. బిచ్చగాళ్ళను పట్టుకొన్నచోటనే విచారించడానికి బండిమీద తిరిగే న్యాయస్థానాలు పెట్టారు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం ఢిల్లీలో అమలులో ఉండేది, దాని బలంతో. మురికివాడలు విదేశీయుల కంటపడకుండా వెదురు తడికలు కట్టాలని ఆలోచించారు. వీధివ్యాపారులను ఖాళీ చేయించారు. ప్రారంభ, ముగింపు దినాలలో నగరంలో దుకాణాలు మూయించారు. ఆటలు ఎవరి ఊరిలో జరుగుతున్నాయో ఆ ఊరివారిని ఇంట్లో కూర్చోమన్నారు. వీటిలో ఏది భద్రత, ఏది ముస్తాబు అని వేరుచేసి చెప్పడం కష్టం. ఒకే ఉత్తరువు రెండింటికీ పనికివచ్చింది. ఆ చట్టంలో భిక్షాటనను నేరం చేసిన నిబంధనలను ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టివేసింది.

పేదదేశాలలో ఇంతేనని పెదవి విరిచేవారి కోసం లండన్ సంగతి ఒకటి చెబుతాను.

2005 జులై 6న లండన్‌కు 2012 ఒలింపిక్స్ దక్కాయి. మరునాడే అక్కడి భూగర్భ రైళ్ళలోను, ఒక బస్సులోను బాంబులు పేలి 52 మంది చనిపోయారు. కాబట్టి వారి భయం ఊహ కాదు, కళ్ళారా చూసినది. ఆ ఒలింపిక్స్ జరిగినది నగరపు తూర్పుభాగంలో, పూర్వం నుండి కార్మికులు, వలసవచ్చినవారు బతికే పేటలలో. 2012 ఏప్రిల్ చివరిలో బో అనే పేటలో ఒక ఇళ్ళ సముదాయంవారి గుమ్మాలలో కరపత్రాలు పడ్డాయి. మీ కప్పుమీది నీళ్ళట్యాంకు గోపురం పైన విమానాలను కూల్చే క్షిపణులు పెట్టదలచుకొన్నాము, సైనికులు, పోలీసులు అక్కడ ఉంటారు అని. లేటన్‌స్టోన్‌లో ఫ్రెడ్ విగ్ టవర్ అనే పదిహేడంతస్తుల భవనం మీదనూ అటువంటివే పెట్టారు. అది పురపాలకంవారి అద్దె ఇళ్ళ భవనం. మమ్మల్ని అడగకుండా మా నెత్తిన ఆయుధాలు పెడితే మేమే శత్రువుకు గురి అవుతాము కదా అని అందులో కాపురమున్నవారు హైకోర్టుకు వెళ్ళారు. జులై 10న కోర్టు వారి మొర తోసివేసింది. ఆ రెండురోజులకే మరొక సంగతి బయటపడింది. ద్వారాల దగ్గర సంచులు వెతకడానికి ఒప్పుకొన్న జి ఫోర్ ఎస్ అనే సంస్థ చాలినంతమందిని సమకూర్చలేకపోయింది. అదనంగా 3,500 మంది సైనికులను రప్పించవలసి వచ్చింది. కప్పుమీద క్షిపణి ఉంది, గుమ్మం దగ్గర సంచి చూసే మనిషి లేడు!

క్షిపణులు పెట్టిన ఆ బో పేటలోని ఇళ్ళ సముదాయానికి మనవారికి తెలియవలసిన గతం ఒకటి ఉంది. అది ఒకప్పుడు బ్రయంట్ అండ్ మే వారి అగ్గిపెట్టెల కర్మాగారం. 1888లో అక్కడ పనిచేసే ఆడపిల్లల దుస్థితిని గురించి పత్రికలో రాసి, వారి సమ్మెకు అండగా నిలిచిన మహిళ పేరు అనీబిసెంట్. అవును, ఆవిడే. అయిదేళ్ళ తరువాత మన దేశం వచ్చి, దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలై, మదనపల్లెలో కళాశాల వెలయడానికి కారకురాలైన బిసెంటమ్మగారు. 1919లో రవీంద్రులు జనగణమనను ఆంగ్లంలోకి అనువదించినది ఆ కళాశాలలో ఉండగానే. ఆ అగ్గిపెట్టెల పిల్లలకు భాస్వరంవల్ల దవడ ఎముక కుళ్ళే జబ్బు వచ్చేది. ఆలస్యంగా వస్తే జరిమానా, మాట్లాడితే జరిమానా. నూట ఇరవైనాలుగేళ్ళ తరువాత అదే చోట కాపురముంటున్నవారిని కూడా ఎవరూ ముందుగా అడగలేదు. అయితే వీరు ఆ పిల్లలలాగ పేదవారు కారు. ఆ కర్మాగారాన్ని ఖరీదైన ఫ్లాట్లుగా మార్చి చాలాకాలమైంది. పేదవారు ఉన్నది ఫ్రెడ్ విగ్ టవర్‌లో. కోర్టుకు వెళ్ళినవారూ వారే.

లేటన్‌స్టోన్ వారు ఓడిపోయారు. కాని వారి పేరున ఒక వ్యాజ్యం నడిచింది. ప్రభుత్వం తరఫున ఒక వకీలు లేచి, ఎందుకు పెట్టామో బహిరంగంగా చెప్పుకోవలసి వచ్చింది. న్యాయమూర్తి విని, కారణాలు రాసి, కాదన్నాడు. ఆటలు ముగిశాక క్షిపణులు దింపుకొని పోయారు. జి.టి. రోడ్డుమీద బస్సు దిగినవానికి ఏ కరపత్రమూ ముందు అందలేదు. వెతికినవాడు కారణం చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు. కారణం ఆ ప్రయాణికుని తలమీదనే ఉంది. భద్రత పేరున మనిషిని ఆపినప్పుడు, చేతిలో ఉన్నదానిని చూసి ఆపడం వేరు, పుట్టుకను చూసి ఆపడం వేరు. మొదటిదానిలో సంచి విప్పి చూపిస్తే తగవు తీరిపోతుంది. రెండవదానిలో ఎన్ని సంచులు విప్పినా తీరదు. పై ఊరికి పోగానే మళ్ళీ ఆపుతారు. అంబాలాలో చూపించిన కాగితం కర్నాల్‌లో చెల్లదు.

ఇదంతా మనవడికి ఒకరాత్రి కథగా చెప్పాను, కర్ణుడితో మొదలుపెట్టి. ఆరోరాగారి దగ్గరకు వచ్చేసరికి వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఆయన యుద్ధం గెలిచారని వాళ్ళకు చెప్పలేదా?" అన్నాడు. చెప్పినా ఏమి లాభంరా అన్నాను. కాసేపటికి మళ్ళీ, "మన వెనుక నిలబడిన అన్నయ్యకు మొదటి ఓవరు పోయి ఉంటుంది కదా తాతయ్యా" అన్నాడు. నిజమే. పోయే ఉంటుంది.

వచ్చే వారం మరొక పోటీ ఉందట, టిక్కెట్లు తీశాడు. పాళీ కలం ఇంట్లోనే పెట్టి వెళతాను. మందుల డబ్బా మాత్రం తప్పదు. ఈసారి "పెద్దమనిషి" అన్నా సరే, నేనే మూత తీసి చూపిస్తాను.